విట్టెన్‌బర్గ్ కాపురం



1525 జూన్ 13. జర్మనీలో విట్టెన్‌బర్గ్ అనే చిన్న ఊరు. సాయంకాలం పూట కొద్దిమంది సాక్షుల ముందు ఒక పెళ్ళి జరిగింది. వరుడు సన్యాసం వదిలేసిన మనిషి, వధువు మఠం నుంచి పారిపోయి వచ్చిన సన్యాసిని. ఆయన మార్టిన్ లూథర్, వయసు 41. ఆమె కాథరీనా ఫాన్ బోరా, వయసు 26.

అది పెళ్ళి చేసుకునే సమయం కాదని ఆయన స్నేహితులే అన్నారు. వాళ్ల మాటలోనూ న్యాయం ఉంది. ఇంకా నెల తిరగలేదు, ఫ్రాంకెన్‌హౌజెన్ దగ్గర వేలాది మంది రైతులను ప్రభువుల సేనలు ఊచకోత కోశాయి. లూథర్‌ను కాపాడుతూ వచ్చిన సాక్సనీ పాలకుడు ఫ్రెడరిక్ మే 5న పోయారు. లూథర్ పేరు మీద పోపు గారి బహిష్కారం ఉంది, చక్రవర్తి శాసనం ఉంది. ఎవరైనా పట్టుకుని అప్పగిస్తే చితి మీదికే. అలాంటి మనిషికి పిల్లనిచ్చేదెవరు, అలాంటి మనిషి పెళ్ళి చేసుకోవడమేమిటి? ప్రాణస్నేహితుడు మెలాంక్తన్ గారిని ఆ పూట పిలవనేలేదు. ఆయన మనసు నొచ్చుకుని మరో మిత్రుడికి ఉత్తరం రాసి తన బాధ వెళ్లగక్కుకున్నారు.

ఆ పెళ్ళి వెనక ప్రేమకథ ఏమీ లేదు. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. కాథరీనాకు తల్లి చిన్నప్పుడే పోయింది. అయిదారేళ్ల పిల్లను తండ్రి మఠంలో చదువుకు పెట్టాడు. తర్వాత నింబ్‌షెన్ అనే ఊళ్లోని కన్యకామఠానికి చేర్చాడు. 16 ఏళ్లకు ఆమె సన్యాస ప్రమాణం చేసింది. ఆ గోడల లోపలికి లూథర్ రాతలు ఎలా చేరాయో గానీ, చేరాయి. 1523 ఈస్టరు ముందు రాత్రి ఆ మఠం నుంచి కొందరు సన్యాసినులు తప్పించుకుని బయటపడ్డారు. వాళ్లను బండిలో తీసుకొచ్చినవాడు లియోనార్డ్ కోపె అనే వర్తకుడు, మఠానికి ఉప్పుచేపలు సరఫరా చేసేవాడు. చేపల పీపాల్లో దాక్కుని వచ్చారని కథగా చెప్పుకుంటారు. పీపాల మాట ఎలా ఉన్నా బండి మాట నిజం. సన్యాసినిని మఠం దాటించడం ఆ రోజుల్లో మరణశిక్ష పడే నేరం.

వాళ్లలో విట్టెన్‌బర్గ్ చేరిన తొమ్మిది మందికీ గూడు చూపించే బాధ్యత లూథర్ మీద పడింది. కొందరిని బంధువులు తీసుకెళ్లారు, కొందరికి సంబంధాలు కుదిరాయి. కాథరీనా ఒక్కతీ మిగిలిపోయింది. నూరెంబర్గ్ కుర్రవాడు ఒకడు మనసిచ్చాడు. వాళ్ల ఇంట్లోవాళ్లు ఒప్పుకోక ఆ సంబంధం తప్పిపోయింది. పారిపోయి వచ్చిన పిల్ల, పైగా కట్నం లేదు. తర్వాత ఒక పెద్ద వయసు పాదిరిగారిని చూపిస్తే ఆమె వద్దంది. వద్దని ఊరుకోలేదు. చేసుకుంటే ఆమ్స్‌డార్ఫ్ గారినో లూథర్ గారినో చేసుకుంటాను గానీ ఈయన్ను మాత్రం చేసుకోనని లూథర్ మిత్రుడైన ఆ ఆమ్స్‌డార్ఫ్ గారి ముఖాన్నే చెప్పింది. దిక్కులేని స్థితిలో, పరాయి పంచన తలదాచుకుంటున్న ఆడపిల్ల అన్న మాట అది. ఆ ధైర్యం నాకు ఎంతో ముచ్చటగా ఉంటుంది.

లూథర్ చేసుకోవడానికి చెప్పిన కారణాలు కూడా వలపు కారణాలు కావు. తండ్రికి మనవణ్ణి చూడాలని కోరిక. తాను ఊరందరికీ బోధించినది తానే ఆచరించి చూపాలని పట్టుదల. ఆమె మీద తనకు మోహమేమీ లేదనీ, ఆదరం మాత్రం ఉందనీ ఒక స్నేహితుడికి దాపరికం లేకుండా రాశారు. మన ఇళ్లలో పెద్దలు కుదిర్చిన పెళ్ళిళ్లు చేసుకున్నవాళ్లకు ఈ మాట కొత్తేమీ కాదు. కొత్తగా ఉండేది ఆ తర్వాత జరిగిన సంగతి. ఆ ఇద్దరూ 20 ఏళ్లకు పైగా కాపురం చేశారు. ఆ కాపురంలో ఆయనకు దొరికిన తృప్తి గురించి ఆయన నోటి వెంట వచ్చిన మాటలను భోజనాల దగ్గర కూర్చున్న విద్యార్థులు రాసి పెట్టుకున్నారు గనక, 500 ఏళ్ల తర్వాత కూడా ఆ ఇంట్లో ఏం జరిగిందో మనకు తెలుస్తోంది.

ఈ తృప్తి ఎక్కడి నుంచి వచ్చింది? ఇవాళ మీతో మాట్లాడదలచుకున్నది దాని గురించే.

లూథర్ మనశ్శాంతి కోసం వెతికిన చోటు పెళ్ళి కాదు. 1505లో ఉరుములతో కూడిన గాలివానలో చిక్కుకుని, ప్రాణం దక్కితే సన్యాసినవుతానని మొక్కుకుని ఎర్‌ఫర్ట్ మఠంలో చేరారు. అక్కడ ఆయన చేయని ఉపవాసం లేదు, ఎరగని జాగారం లేదు. చలికాలంలో దుప్పటి లేకుండా పడుకున్నారు. గంటల తరబడి పాపపు ఒప్పుకోలు చేసి, బయటికొచ్చాక ఇంకొకటి గుర్తొచ్చిందని మళ్లీ వెళ్లేవారు. ఎంత చేసినా దేవుడికి తన మీద కోపం తీరలేదన్న భయం వదల్లేదు. పౌలు రోమీయులకు రాసిన పత్రికను చదివి చదివి, చివరికి ఒక సంగతి పట్టుకున్నారు. దేవుడు కోరే నీతి మనిషి సంపాదించి చెల్లించే బాకీ కాదు, క్రీస్తు నిమిత్తం ఉచితంగా ఇచ్చే బహుమానం, నమ్మి చేయి చాపినవాడికి దొరుకుతుంది. అది తెలిసిన రోజు స్వర్గ ద్వారాలు తెరుచుకుని లోపలికి వెళ్లినట్టు అనిపించిందని ముసలితనంలో రాసుకున్నారు.

అంటే కాథరీనా ఆ ఇంట్లో అడుగు పెట్టేనాటికే ఆయన ఆత్మకు కావలసిన సమాధానం దొరికింది. ఆ సమాధానం ఇమ్మని ఆయన భార్యను అడగలేదు. మఠం విడిచి వచ్చిన ఆమె కూడా భర్తను అడగలేదు. ఇద్దరూ దేవుడి దగ్గర క్షమాపణ పొందినవాళ్లుగా ఒకరి ఎదుట ఒకరు నిలబడ్డారు. అందుకే ఒకరిలో ఒకరికి కనిపించిన లోపాలు వాళ్లను కూలదోయలేదు. నా ఎరుకలో వాళ్ల కాపురం రహస్యం ఇదే.

మన సంగతి చూడండి. పెళ్ళి చేసుకోబోయే యువతీయువకులతో మాట్లాడినప్పుడల్లా నాకు ఒకటి కనిపిస్తుంది. వాళ్లు ఎదుటి మనిషి మీద మోపే బరువు చాలా పెద్దది. నన్ను పూర్తిగా అర్థం చేసుకోవాలి. నా ఒంటరితనం పోగొట్టాలి. ఇంట్లో దొరకని ఆదరణ ఇవ్వాలి. నా విలువేమిటో నాకు రోజూ చెప్పాలి. రెండేళ్లు తిరిగేసరికి ఆ బరువు కింద అవతలి మనిషి నలిగిపోతాడు, లేదా నలిగిపోతుంది. ఇవతలివాళ్లు మోసపోయామనుకుంటారు. మోసం ఎవరూ చేయలేదు. దేవుణ్ణి అడగవలసినది మనిషిని అడిగారు, అంతే. భర్త రక్షకుడు కాడు. భార్య రక్షకురాలు కాదు. ఈ ముక్క మనసుకు పడితే, ఎదుటి మనిషి చేతనైనంత ఇచ్చినప్పుడు అది లోటుగా కాక కానుకగా కనిపిస్తుంది.

సరే, ఆ ఇంటి లోపలికి వెళదాం.

ఆ ఇల్లు నిజానికి ఒక ఖాళీ మఠం. సన్యాసులందరూ వెళ్లిపోయాక మిగిలిన పెద్ద కట్టడం. పాలకుడు దాన్ని వాళ్లకు నివాసంగా ఇచ్చాడు. పెళ్ళికి ముందు ఏడాది పాటు తన పక్క ఎవరూ దులపలేదనీ, చెమటకు గడ్డి పరుపు కుళ్లిపోయిందనీ, పని చేసి చేసి ఒళ్లు తెలియకుండా దాని మీదే పడి నిద్రపోయేవాణ్ణనీ లూథర్ చెప్పారు. పెళ్ళయిన కొత్తలో పొద్దున లేచేసరికి పక్కనే దిండు మీద రెండు జడలు కనిపించడం ఎంత వింతగా ఉండేదో కూడా ఆయనే చెప్పారు. ఆయన రాసుకుంటుంటే కొత్త పెళ్ళికూతురు పక్కన కూర్చుని నూలు వడికేది. ఇద్దరికీ ఏం మాట్లాడుకోవాలో తెలియదు. చివరికి ఆమె, "డాక్టరు గారూ, ప్రష్యాలో ఉండే ఆ మఠాధిపతి గారు అక్కడి ప్రభువు గారికి తమ్ముడా అండీ?" అన్నట్టుగా ఏదో అడిగింది. ఆ మఠాధిపతీ ఆ ప్రభువూ ఒక్క మనిషే. మాట కలపడానికి అడిగిన ప్రశ్న అది. దాన్ని ఆయన ఏళ్ల తర్వాత కూడా గుర్తు పెట్టుకుని మురిపెంగా చెప్పేవారు. ఆమె మాత్రం జీవితాంతం ఆయన్ను డాక్టరు గారనే పిలిచింది.

ఆమె ఆ పాడుబడ్డ మఠాన్ని ఇల్లు చేసింది. నాలుగింటికే లేచేది. విట్టెన్‌బర్గ్ వేగుచుక్క అని భర్త ఆమెకు పేరు పెట్టారు. గోడలు బాగు చేయించింది, తోట వేసింది, ఆవులూ పందులూ కోళ్లూ పెంచింది, చేపల చెరువు చూసుకుంది. ఆ రోజుల్లో అక్కడ ప్రతి ఇంట్లో తాగే బీరు తానే కాచేది. గదులను విద్యార్థులకు అద్దెకిచ్చి, వాళ్లకు భోజనాలు పెట్టి ఆ డబ్బుతో ఇల్లు నడిపింది. సొంత పిల్లలు ఆరుగురు కాక, తల్లిదండ్రులు లేని మేనల్లుళ్లూ మేనకోడళ్లూ ఉన్నారు. కాథరీనా మేనత్త లేనా కూడా మఠం విడిచి ఆ ఇంటికే వచ్చింది. ఏ పూట చూసినా పెద్ద పంక్తి. లూథర్ పుస్తకాలు అమ్మి ముద్రాపకులు ధనవంతులయ్యారు, ఆయన మాత్రం రాసినందుకు ఒక్క నాణెం పుచ్చుకోలేదు. చేతిలో ఏదుంటే అది అడిగినవాడికి ఇచ్చేసేవారు. పెళ్ళికి మైంజ్ ఆర్చిబిషప్ 20 గుల్డెన్లు కానుక పంపితే లూథర్ తిప్పి పంపమన్నారు. ఆమె తీసుకుని దాచింది. ఇల్లాలు చేసిన ఆ పని తప్పని నేను అనలేను. ఇద్దరూ దాతలే అయితే ఆ ఇంట్లో పొయ్యి వెలిగేది కాదు.

ఆ ఇల్లు ఇప్పటికీ ఉంది, మ్యూజియం చేశారు. దాని వాకిలికి ఇసుకరాతితో చెక్కిన గుమ్మం ఒకటుంది. 1540లో కాథరీనా చేయించినది. గుమ్మానికి ఒక పక్కన లూథర్ ముఖం, ఇంకో పక్కన ఆయన ముద్ర అయిన గులాబీ, గులాబీ నడుమ హృదయం, హృదయంలో సిలువ. కింద అటొకటి ఇటొకటి కూర్చోవడానికి రాతి అరుగులు. మన పల్లెటూరి ఇళ్ల వీధి అరుగుల్లాంటివే. పనంతా అయ్యాక మొగుడూ పెళ్ళాం వచ్చి ఎదురెదురుగా కూర్చోవడానికి వీలుగా ఉంటాయి. ఆ రాయి కోసం పిర్నా ఊరి పాదిరిగారికి లూథర్ ముందు ఏడాదే ఉత్తరం రాశారు. అన్ని పనుల మధ్యా భార్య ముచ్చట పడిన గుమ్మం సంగతి మరిచిపోలేదు.

ఇంటిపని గురించి లూథర్ ఏమనుకున్నారో చెప్పకపోతే ఈ కథకు అర్థం ఉండదు. అంతకు ముందు వెయ్యేళ్లుగా, దేవుడికి దగ్గరగా బతకాలంటే ఇల్లూ వాకిలీ వదిలి వెళ్లాలన్న నమ్మకం బలంగా ఉండేది. ఏకాంతంలో ప్రార్థనకే అంకితమైన జీవితాలను నేను తక్కువ చేయడం లేదు. మన ఆసుపత్రుల్లో, బడుల్లో సిస్టర్లు చేసిన సేవ తెలిసినవాళ్లెవరూ తక్కువ చేయలేరు. అయితే లూథర్ అన్నది వేరు. చెప్పులు కుట్టేవాడు చెప్పులు కుడుతూ, పాలు పితికే పిల్ల పాలు పితుకుతూ దేవుణ్ణి సేవించవచ్చు, విశ్వాసంతో చేసిన ఏ పనీ చిన్నది కాదు అన్నారు. తనకింకా పెళ్ళి కాని రోజుల్లో, 1522లో, వివాహం గురించి రాసిన పుస్తకంలో ఒక తండ్రి బొమ్మ గీశారు. పసిబిడ్డ మురికి గుడ్డలు ఉతుకుతున్నాడు ఆ తండ్రి. ఊళ్లోవాళ్లు ఆడంగివాడని నవ్వుతారు. దేవుడు దేవదూతలతో కలిసి అతన్ని చూసి సంతోషిస్తాడు. గుడ్డలు ఉతికినందుకు కాదు, విశ్వాసంతో ఉతికినందుకు. 500 ఏళ్ల కిందటి మగవాడు రాసిన మాట ఇది. ఇవాళ కూడా మన సంఘాల్లో ఎంతమంది తండ్రులు ఆ బట్ట ముట్టుకుంటున్నారు? ప్రార్థన కూడికలో గంటసేపు కన్నీళ్లతో ప్రార్థించి, ఇంటికొచ్చి కంచం కడగని భక్తి మీద నాకు నమ్మకం లేదు.

లూథర్‌ను దేవుణ్ణి చేయడానికి నేను రాలేదు. రైతుల మీద ఆయన రాసిన కఠినమైన మాటలు, ముసలితనంలో యూదుల మీద రాసిన ద్వేషపు రాతలు చదివితే మనసు కలుక్కుమంటుంది. వాటిని ఏ క్రైస్తవుడూ సమర్థించకూడదు. ఆడవాళ్ల గురించీ ఆ కాలపు మగవాడి మాటలే ఎన్నో అన్నారు. ఇంట్లో కోపిష్టి, జబ్బు మనిషి, తరచూ దిగులులో పడిపోయేవారు. ఆమె కూడా మాట పడే మనిషి కాదు. కాథరీనాను ఆయన ముద్దుగా కేటే అనేవారు, నా దొరగారు కేటే అని వేళాకోళం చేసేవారు. బైబిలు మొత్తం ఈస్టరులోగా చదివితే 50 గుల్డెన్లు ఇస్తానని 1535లో ఆమెకు ఆశ పెట్టారు. ఆయన అలా పోరినప్పుడు ఒకసారి ఆమె ఇచ్చిన జవాబు, చదివిందీ విన్నదీ చాలు, దాని ప్రకారం బతకగలిగితే అదే పదివేలు అన్న అర్థం వచ్చేటట్టు ఉంది. పండితుడికి వంటింట్లో నుంచి వచ్చిన ఆ జవాబు నాకు ఆయన ప్రసంగాల్లో చాలావాటి కన్నా ఇష్టం.

ఫ్రాన్సు రాజ్యమిచ్చినా వెనిస్ ఇచ్చినా నా కేటేను వదులుకోనని ఆయన అన్నారు. పౌలు పత్రికల్లో తనకు ప్రాణమైన గలతీ పత్రికకు ఆమె పేరే పెట్టుకున్నారు. అయితే ఇంకొక మాట కూడా అన్నారు, నేను ఈ ప్రసంగానికి పూనుకున్నది దాని కోసమే. నాకోసం ఎంతో ఎక్కువ చేసిన క్రీస్తు కన్నా నేను కేటేనే ఎక్కువ నమ్ముకుంటున్నానేమో అని తనను తాను మందలించుకున్నారు. భార్యను అంతగా ప్రేమించి కూడా ఆమెను దేవుడి స్థానంలో కూర్చోబెట్టకుండా జాగ్రత్త పడ్డారు. ఆ జాగ్రత్త ఆమెకూ మేలు చేసింది. దేవుడి పీఠం మీద కూర్చోబెట్టిన మనిషిని ఏదో ఒక రోజు కిందికి దించేది కూడా మనమే కదా.

విశ్వాసం ఉన్న ఇంట్లో దుఃఖం ఉండదని ఎవరైనా చెబితే ఈ ఇంటి వైపు చూడమంటాను. 1527 వేసవిలో లూథర్ గుండె జబ్బు వచ్చి పడిపోయారు, బతకడనుకున్నారు. ఆ వెంటనే ఊళ్లో ప్లేగు. విశ్వవిద్యాలయం వేరే ఊరికి తరలిపోయింది. వాళ్లిద్దరూ వెళ్లలేదు. ఇల్లే ఆసుపత్రి అయింది. కాథరీనా అప్పుడు నిండు గర్భిణి. డిసెంబరు 10న ఎలిజబెత్ పుట్టింది. ఎనిమిది నెలలు నిండకుండానే చనిపోయింది. ఒక బిడ్డ కోసం తండ్రి మనసు ఇంతగా కరిగిపోతుందని తనకు తెలియదని లూథర్ రాశారు. దేవుణ్ణి బలమైన కోటగా పాడే ఆయన కీర్తన ఆ కష్టకాలంలోనే పుట్టిందంటారు. మన తెలుగు లూథరన్ సంఘాల్లో ఇప్పటికీ దాన్ని గొంతెత్తి పాడతాం.

1540లో కాథరీనాకు గర్భం పోయి చావు అంచుల దాకా వెళ్లి బతికింది. 1542 సెప్టెంబరులో పదమూడేళ్ల మగ్దలేనా మంచం పట్టింది. తండ్రి మంచం పక్కన మోకరించాడు. ఇక్కడ ఈ నాన్న దగ్గర ఉండాలని ఉందా, అక్కడి తండ్రి దగ్గరికి వెళ్లడానికీ ఇష్టమేనా అని అడిగాడు. దేవుడి చిత్తం నాన్నా అంది ఆ పిల్ల. సెప్టెంబరు 20న తండ్రి చేతుల్లోనే ప్రాణం విడిచింది. బిడ్డ దేవుడి దగ్గర సుఖంగా ఉందని గట్టిగా తెలుసు, అయినా గుండె ఇంత బరువెక్కడం ఎంత వింత అన్నారాయన. తానూ భార్యా దేవుడికి కృతజ్ఞత చెప్పాలనుకుంటున్నామనీ, ఏడుపు రాకుండా చెప్పలేకపోతున్నామనీ మిత్రుడికి రాశారు. వేదాంతం అంత తెలిసిన మనిషి ఏడుపును దాచుకోలేదు. బిడ్డ పోయిన ఇంటికి పరామర్శకు వెళ్లి, ఏడవకూడదమ్మా, విశ్వాసులు ఏడవకూడదు అని తల్లి నోరు మూయించేవాళ్లను చూశాను. ఆ ఉత్తరం వాళ్లకు చదివి వినిపించాలని ఉంటుంది. కన్నీళ్లూ విశ్వాసమూ ఒకే గదిలో ఉండగలవు. ఆ రెండింటినీ చూసుకోవడానికే దేవుడు ఒకరికి ఇంకొకర్ని తోడిచ్చాడు.

ఇంత దూరపు కథ మనకెందుకు అంటారేమో. దూరం మీరనుకున్నంత కాదు. తన ఇంట్లో పసిపిల్లలు తిరుగుతున్న రోజుల్లో, 1529లో, లూథర్ ఇంటి యజమానులు తమ పిల్లలకూ పనివాళ్లకూ నేర్పడానికి చిన్న ప్రశ్నోత్తరి పుస్తకం ఒకటి రాశారు. మద్రాసులో తెలుగు నేర్చుకున్న బెంజమిన్ షుల్జ్ అనే మిషనరీ ఆ పుస్తకాన్ని 1746లో జర్మనీలోని హాలే పట్టణంలో తెలుగులో అచ్చు వేయించారు. తెలుగులో అచ్చయిన తొలి పుస్తకాల్లో అదొకటి. అంటే కాథరీనా భోజనాల బల్ల దగ్గర పిల్లలు వల్లె వేసిన మాటలే మన అక్షరాల్లో మొదట అచ్చెక్కిన మాటల్లో ఉన్నాయి. 1842 జూలై 31న లూథరన్ మిషనరీ ఫాదర్ హయ్యర్ గారు గుంటూరు చేరుకున్నారు. ఆ పని పెరిగి పెరిగి 1927లో ఆంధ్ర సువిశేష లూథరన్ సంఘంగా ఏర్పడింది. మన ఊళ్లలో గుడి పక్కన పాదిరిగారి ఇల్లు, ఆ ఇంట్లో వచ్చేపోయేవాళ్లకు అన్నం పెట్టే అమ్మగారు అంటే మనందరికీ తెలుసు. ఆ అమ్మగార్లందరికీ కాథరీనా పెద్దక్క.

ఆ ప్రశ్నోత్తరికి జతగా లూథర్ పెళ్ళి జరిపించే క్రమం కూడా చిన్న పుస్తకంగా రాసిచ్చారు. పెళ్ళి ముచ్చట్లు ఏ దేశం ఆచారం ప్రకారం ఆ దేశంలో జరుపుకోండి, వాటిలో సంఘం వేలు పెట్టనక్కర్లేదన్నది అందులో ఆయన మొదటి మాట. అందుకే మన దగ్గర మూడు ఆదివారాలు గుడిలో ప్రకటన చదివాక, పాదిరిగారు మంగళసూత్రం చేతిలో పట్టుకుని ప్రార్థన చేసి ఇస్తే పెళ్ళికొడుకు ముడి వేస్తాడు. అందులో తప్పేమీ లేదు. తప్పంతా ఇంకోచోట ఉంది. కృప ఉచితం అని బోధించే సంఘంలో పెళ్ళికొడుక్కి రేటు కడుతున్నాం. విదేశంలో ఉద్యోగమైతే ఒకటి, ప్రభుత్వ ఉద్యోగమైతే ఒకటి. లక్షలు పుచ్చుకుని గుడిలోకి వచ్చినవాడు బలిపీఠం ముందు కలిమిలోనూ లేమిలోనూ తోడుంటానని చేసే ప్రమాణం దేవుడు ఎలా వింటాడో నాకు తెలియదు. కాథరీనా చిల్లిగవ్వ లేకుండా కాపురానికి వచ్చింది. కట్నం తెచ్చిన కోడలు బాకీ చెల్లించినట్టుగా ఇంట్లోకి వస్తుంది. ఆమె ఎంత చేసినా అది చాలదు. లెక్క మొదలైన ఇంట్లో తృప్తికి చోటు లేదు.

1546 జనవరిలో లూథర్ తన పుట్టిన ఊరు ఐస్లెబెన్‌కు ఒక తగాదా తీర్చడానికి వెళ్లారు. చలికాలం, ఆరోగ్యం బాగాలేదు. ఇంటి దగ్గర కాథరీనాకు కంటి మీద కునుకు లేదు. ఆయన రాసిన ఆఖరి ఉత్తరాల్లో వాత్సల్యం ఉంది, వేళాకోళం ఉంది. నీ చింత వల్ల ఇక్కడ పైకప్పు నుంచి రాయి ఊడి నెత్తిన పడబోయింది అని ఏడిపించారు. నన్ను కనిపెట్టుకుని ఉండేందుకు నీకన్నా, దూతలందరికన్నా మేలైనవాడు ఒకడున్నాడు, పశువుల తొట్టెలో పడుకున్నవాడు, నువ్వు నిశ్చింతగా ఉండు అని ఊరడించారు. ఆ ఉత్తరాలు రాసిన కొద్ది రోజులకే, ఫిబ్రవరి 18న, ఆ ఊళ్లోనే కన్నుమూశారు. ఆఖరి ఘడియలో ఆమె దగ్గర లేదు. తర్వాత ఆమె తన వదినకు రాసిన ఉత్తరం ఒకటి మిగిలింది. తినలేకపోతున్నాను, తాగలేకపోతున్నాను, నిద్ర లేదు, ఒక రాజ్యం ఉండి పోగొట్టుకున్నా ఇంత బాధ ఉండేది కాదు అని.

ఆయన ఆమెకు మిగిల్చిపోయినది ఒకటుంది, 1542 జనవరి 6న తన చేత్తో రాసిన వీలునామా. ఆ కాలపు సాక్సనీ చట్టం విధవకు సరైన హక్కు ఇవ్వదు, పిల్లలకు వేరే సంరక్షకులను పెడుతుంది. ఆయన లాయర్లను పిలవలేదు. నేను పరలోకంలో, భూలోకంలో, నరకంలో కూడా పేరున్న మనిషిని, నా మాట నమ్మడానికి నోటరీ అక్కర్లేదు అన్నట్టుగా రాసి, ఉన్నదంతా భార్యకే రాసిచ్చారు. ఆమె నన్ను నమ్మకంగా ప్రేమించింది, తల్లి పిల్లల చేతుల వైపు చూస్తూ బతకకూడదు, పిల్లలే తల్లి చేతుల వైపు చూడాలి అన్నది అందులోని భావం. పిల్లలకు తల్లిని మించిన సంరక్షకులు లేరన్నారు. భార్య మీద ఆయనకున్న ప్రేమకు నేను చూపించే పెద్ద సాక్ష్యం ఈ కాగితం.

మన దగ్గర క్రైస్తవులకు 1925 నాటి భారత వారసత్వ చట్టం వర్తిస్తుంది. వీలునామా లేకుండా భర్త పోతే, పిల్లలున్నప్పుడు భార్యకు వచ్చేది ఆస్తిలో మూడో వంతు. మిగతా రెండు వంతులూ పిల్లలవి. ఇల్లు ఆయన పేరు మీద ఉంటే, నలభై ఏళ్లు ఆ ఇంట్లో కాపురం చేసిన మనిషి ఆ ఇంట్లోనే వాటాదారు అవుతుంది. ఆస్తి చిన్నదైనా, ఒక పెంకుటిల్లే అయినా, వీలునామా రాయడం చావును పిలవడం కాదు. పెళ్ళినాడు చేసిన ప్రమాణంలో అది కూడా ఒక భాగమే. సంఘాల్లో పెళ్ళికి ముందు జరిగే తరగతుల్లో ఈ సంగతి కూడా చెప్పాలని పాదిరిగార్లను నేను అడుగుతున్నాను.

కోర్టు అధికారులు లూథర్ వీలునామా చెల్లదన్నారు. పిల్లలను ఆమె దగ్గర నుంచి వేరు చేయాలని చూశారు. ఆమె పట్టువదల్లేదు. పాలకుడు జాన్ ఫ్రెడరిక్ ఆమె పక్షాన నిలిచాడు. ఆ ఏడాదే యుద్ధం వచ్చింది, ఇల్లు వదిలి పారిపోవలసి వచ్చింది. తిరిగొచ్చేసరికి పొలాలు పాడై ఉన్నాయి, పశువులు లేవు. అప్పులు చేసి మళ్లీ మొదలుపెట్టింది. మళ్లీ విద్యార్థులకు గదులిచ్చింది, మళ్లీ పంక్తులు వేసింది. 1552లో ప్లేగు వస్తే పిల్లలతో టోర్గావ్ ఊరికి బయలుదేరింది. దారిలో గుర్రాలు బెదిరి బండి అదుపు తప్పింది, ఆమె దిగి ఆపబోయి చల్లటి నీళ్ల గుంటలో పడిపోయింది. ఆ దెబ్బ నుంచి కోలుకోలేదు. డిసెంబరు 20న, 53 ఏళ్ల వయసులో చనిపోయింది. ఆమెను ఆ ఊరి గుడిలోనే సమాధి చేశారు. అప్పటికి బతికున్న నలుగురు పిల్లలూ ఆమె పెంపకంలో ఎదిగినవాళ్లే. వాళ్లలో పౌల్ పేరున్న వైద్యుడయ్యాడు.